పిన్ను మారింది, ట్రూడీ చేపడం మానేసింది

థీసెన్ వాళ్ళ కొట్టంలో ముప్పై నాలుగు ఆవులు పాట వింటూ పాలిచ్చేవి. వినడానికి నవ్వులాటగానే ఉంటుంది. సెయింట్ ఓడో ఊళ్ళో అందరూ నవ్వారు కూడా. నవ్విన వాళ్ళ ఆవుల కంటే తన ఆవులు ఎక్కువే ఇస్తుంటే లియోనార్డ్ థీసెన్‌కు పోయిందేమీ లేదు, అందుకని పట్టించుకోలేదు.

అవి రేడియోలో వచ్చే పాటలు కావు. లియోనార్డ్ వయసులో ఉండగా అన్నదమ్ములతో కలిసి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో పోల్కా డాన్సు పాటలు వాయించేవాడు. అతని చేతిలో కన్సర్టీనా ఉండేది, రెండు చేతులతో సాగదీసి మూసే తిత్తిపెట్టె. అప్పటి క్యాసెట్టు ఒకటి మిగిలింది. ముందు క్యాసెట్టు మీదే నడిచింది కొట్టం. తర్వాత కూతురు జోలీన్ ఆ పాటలన్నీ నాన్న ఫోన్లోకి ఎక్కించింది. లియోనార్డ్ పాత చెక్క రేడియో పెట్టెలో రెండు పెద్ద స్పీకర్లు బిగించి, పైన ఫోను నిలబెట్టే సాకెట్టు పెట్టి, దాన్ని దూలానికి బోల్టులతో బిగించాడు. ఫోను అందులో కూర్చోబెడితే చాలు, ఓ పక్క ఛార్జి ఎక్కుతూ ఓ పక్క పాడేది. మొదటి పాట సగానికి వచ్చేసరికి వరసలో ముందుండే ముసలి ట్రూడీ చేపేది, పొదుగులోకి పాలు దించేది. ట్రూడీ చేపితే మిగతావన్నీ చేపేవి.

ఆ ఏడు సెప్టెంబర్‌లో లియోనార్డ్‌కు మోకాలు మార్చారు. ఆరు వారాలు కొట్టం గడప తొక్కకూడదన్నారు. "ఆవుల్ని అమ్మేద్దాం వెర్నా, మనకిక చాల్లే" అన్నాడతను ఆపరేషన్‌కు ముందే. వెర్నాకు అరవై ఆరేళ్ళు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కొట్టంలో తెల్లవారని రోజు ఆమెకు లేదు. "ఆరు వారాలేగా, నేను చూసుకుంటాను. పాలు పడిపోతే అప్పుడు అమ్ముదువుగాని" అంది. అలా మాట అనుకున్నారు.

మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో వారం మొదట్లో వెర్నా పాట మార్చబోయింది, ఫోను చేయి జారి ట్రూడీ కాళ్ళ కింద పడింది. ట్రూడీ బరువు పదిహేను వందల పౌన్లు. ఇక చెప్పేదేముంది.

జోలీన్ బంగారం లాంటి పిల్ల. విన్న మర్నాడే కొత్తగా విడుదలైన ఫోను కొని, పాత పాటలన్నీ ఎక్కించి పంపింది. పెట్టె తెరిచి వెర్నా దాన్ని కొట్టానికి తీసుకెళ్ళింది. సాకెట్టేమో చూపుడు వేలంత వెడల్పు. కొత్త ఫోను కింద ఉన్న కన్నం చిటికెనవేలి గోరంత. ఆమె దాన్ని తిప్పి చూసింది, బోర్లించి చూసింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. పదేళ్ళు ఒకే పిన్ను అమ్ముకుని, ప్రతి ఇంట్లో గడియారాలకూ రేడియోలకూ కార్లకూ అదే పిన్ను పెట్టించి, ఒక మంచి రోజు చూసుకుని కంపెనీ వాడు దాన్ని మార్చేశాడు. సన్నగా ఉంటుందట. ఎవరడిగారు సన్నగా కావాలని?

పాటలు చేతిలోనే ఉన్నాయి, పెట్టె దూలానికే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

ఆమె ఇరవై మైళ్ళు బండి నడుపుకుంటూ సెయింట్ క్లౌడ్‌లోని దుకాణానికి వెళ్ళింది. కొత్త ఫోనుకూ పాత సాకెట్టుకూ మధ్య పెట్టే చిన్న ముక్క ఒకటుందట, అడాప్టర్. ఉంది గానీ లేదు. దేశమంతా దానికే ఎగబడుతోంది, ఆర్డరు ఇస్తే నాలుగు వారాలు అంది కౌంటర్లోని అమ్మాయి. వెర్నా ముందు నిలబడ్డ పెద్దాయన కారు ఛార్జరు, మంచం పక్క గడియారం, ఇంకేవో అన్నీ సంచీలో తెచ్చి బల్ల మీద కుమ్మరించి, "ఇవన్నీ నేనేం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా?" అని అడుగుతున్నాడు. వెర్నాకు అతన్ని కావలించుకోవాలనిపించింది. పెద్దమనిషి తరహాగా ఊరుకుని, ఆర్డరు ఇచ్చి, బదులుగా తీగ లేని ఓ గుండ్రటి స్పీకరు కొనుక్కుని వచ్చింది.

ఆ స్పీకరు వంటింట్లో గట్టిగానే పాడింది. కొట్టంలో పాలమిషన్ల మోటారు తిరుగుతుంటే ఈగ మూలిగినట్టుంది. ట్రూడీ చెవులు వెనక్కి పెట్టి విన్నది. తర్వాత కాలు విసిరింది. స్పీకరు పేడకాలవలో తేలింది.

ఆ పూటనుంచి ఆవులు పాలు ఎగజేపడం మొదలుపెట్టాయి. పొదుగు నిండుగా ఉంటుంది, మిషను తగిలిస్తే చారెడు కారి ఆగిపోతుంది. లోపల నిలిచిన పాలకు రెండు ఆవుల పొదుగులు గట్టిపడ్డాయి. పశువుల డాక్టరు వచ్చి చేపడానికి ఇంజెక్షన్ రాసిచ్చాడు, ముప్పై నాలుగింటికి పూట పూటా పొడవడం ఎవరి తరం? వాకర్ పట్టుకుని వంటింటి దాకా వచ్చిన లియోనార్డ్ భార్య మొహం చూశాడు.

"గురువారం పొద్దున ఆల్విన్ వస్తాడు" అన్నాడు. ఆల్విన్ పశువుల బేరగాడు. "నీ తప్పేం లేదు వెర్నా. వాటిని బాధపెట్టి ఉంచుకోవడం కంటే పంపించడం మేలు."

వెర్నా సరేనంది. తర్వాత గిన్నెలు కడుగుతూ ఏడ్చింది, కుళాయి చప్పుడులో అతనికి వినబడలేదు.

మంగళవారం పొద్దున పాలబండి వచ్చింది. రోజు విడిచి రోజు వచ్చి ట్యాంకులోని పాలు తోడుకుని డెయిరీకి తీసుకెళ్ళే బండి. ముప్పై ఏళ్ళు దాన్ని నడిపినవాడు వేసవిలో రిటైరయ్యాడు. ఇప్పుడు వార్సమే వస్తున్నాడు. సోమాలియా మనిషి, యాభై దాటి ఉంటాయి, సెయింట్ క్లౌడ్‌లో కాపురం. వచ్చిన మూడు నెలల్లో వెర్నా అతనితో వాతావరణం తప్ప ఇంకోటి మాట్లాడలేదు. అతనూ అంతే.

ఆ రోజు అతను ట్యాంకులో కొలబద్ద ముంచి తీసి, చూసి, తుడిచి మళ్ళీ ముంచాడు.

"అమ్మా, సగానికి సగం పడిపోయాయేంటి? ఆవులకు జబ్బా?"

"జబ్బేం లేదు. పాట లేదు" అంది వెర్నా, అని నాలిక కరుచుకుంది. ఇక నవ్వుతాడనుకుంది.

అతను నవ్వలేదు. "ఏ పాటకు చేపుతాయి?" అని అడిగాడు, ఏ దాణా పెడతారని అడిగినట్టు. "మా నాన్నకు ఒంటెలుండేవి. ఆయన పాడకపోతే ఒక్క చుక్క విడిచేవి కావు. నేను పాడితే తన్నేవి. నా గొంతు అంత బాగుంటుందన్నమాట."

వెర్నా ఫోను సంగతంతా చెప్పింది. అతను గబగబా బండెక్కి, ఎదర తగిలించిన ఫోన్ స్టాండు నుంచి బొటనవేలంత తెల్లటి ముక్క ఊడదీసుకుని దిగాడు.

"ఇదేనా? నా బండిలోదీ పాత పిన్నే. మా అమ్మాయి మొదటి రోజే ఆర్డరు పెట్టింది. తీసుకోండి, నా దగ్గర ఇంకోటుంది."

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. అడగందే అమ్మయినా పెట్టదంటాం మనం. అక్కడ అడగనక్కర్లేదు, ఎవరో ఒకరు పెడతారు. కానీ పెట్టగానే తీసుకుంటే ఆబగా ఉన్నట్టు లెక్క. మొదటిసారి వద్దనాలి. రెండోసారి, అబ్బే మీకెందుకండీ శ్రమ అనాలి. మూడోసారి పెడితే, అంతగా అంటున్నారు కాబట్టి అని తీసుకోవాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, తల్లిపాలతో వస్తుంది. ఆ ఊళ్ళో ఆఖరి బిస్కెట్టు ప్లేటులోనే ఎండిపోతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెతుంది, ఆడవాళ్ళ ముందు చెప్పేది కాదు గానీ, వెర్నాకు తెలిసుంటే బాగుండేది.

"అయ్యో, వద్దండి" అంది వెర్నా. గుండె మాత్రం ఆ తెల్ల ముక్క మీదే కొట్టుకుంటోంది.

"పర్వాలేదమ్మా, తీసుకోండి."

"అబ్బే, మీకెందుకు శ్రమ. మా పని ఎలాగో నడుస్తోంది."

మూడోదాని కోసం ఆమె చెయ్యి ఎప్రన్ మీద సిద్ధంగా ఉంది. అతను ఒక క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తల పంకించి ముక్కను జేబులో వేసుకున్నాడు. "సరేనమ్మా" అని పాలు తోడుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. వాకిట్లో దుమ్ము అణిగేదాకా వెర్నా అక్కడే నిలబడింది.

బుధవారం పొద్దుటి పూట పాలు ఇంకా తగ్గాయి. ట్రూడీ పొదుగు ముట్టుకుంటే వేడిగా ఉంది. రేపీపాటికి ఆల్విన్ బండి వచ్చి నిలబడుతుంది. వెర్నా కొట్టంలో వరస చివరిదాకా నడిచి వచ్చింది, ఒక్కొక్కదాని నుదురు నిమురుతూ. వాటి తల్లులు తెలుసు ఆమెకు, అమ్మమ్మలు తెలుసు. ఇంట్లోకి వచ్చి ఫ్రిజ్ మీద అంటించిన డెయిరీ కాగితంలో వార్సమే నంబరు చూసి, టెలిఫోను తీసి, పెట్టేసి, మళ్ళీ తీసింది. ఒకరి వస్తువు కావాలని తన నోటితో తను ఫోను చేసి అడగడం అరవై ఆరేళ్ళలో ఇదే మొదలు. వాళ్ళమ్మ బతికుంటే ఏమనేదో.

"అమ్మా, చెప్పండి. ట్యాంకేమైనా పాడైందా?"

"లేదు లేదు, ట్యాంకు బాగానే ఉంది. రేపు వానట, రోడ్డు జాగ్రత్తని చెబుదామని."

"మంచిదమ్మా."

"నిన్న మీరు చూపించారే, ఆ ముక్క. అది మీకు బాగానే పనిచేస్తోందా?"

"చేస్తోందమ్మా."

"అయితే సరే. ఊరికే అడిగాను." వెర్నా ఫోను తీగను వేలికి చుట్టుకుంటోంది. "అలాంటివి చాలామందికి అవసరం పడుతుంటాయనుకుంటా, ఈ రోజుల్లో."

అవతల బండి చప్పుడు నెమ్మదించి ఆగిపోయింది.

"అమ్మా, బండి పక్కకు ఆపాను. ఒక్క మాట చెప్పండి. మీకది కావాలా, వద్దా?"

పక్క గదిలో లియోనార్డ్ టీవీ కట్టేశాడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

"కావాలి" అంది వెర్నా. ఆ మాట బయటికొచ్చాక మిగతావి దాని వెనకే వచ్చేశాయి. "చాలా కావాలి. ఇవాళ సాయంత్రానికే కావాలి. రేపు పొద్దున ఆవుల్ని అమ్మేస్తున్నాం."

"మరి నిన్న వద్దన్నారు కదమ్మా?"

"రెండుసార్లే కదండీ అన్నాను!"

అతనికి అర్థం కాలేదు. వెర్నా పద్ధతంతా విడమరచి చెప్పింది, మొదటిసారి ఏమనాలి, రెండోసారి ఏమనాలి. చెబుతుంటే తనకే అదో పిచ్చిమాటలా వినబడింది.

"నేనింకోలా అనుకున్నానమ్మా" అన్నాడతను. "నా చేతి వస్తువు తీసుకోవడం మీకు ఇష్టం లేదేమో అనుకున్నాను. అలాంటి వాళ్ళూ ఉన్నారు ఈ దారిలో. అలాంటప్పుడు మళ్ళీ అడగకూడదు కదా."

వెర్నా కుర్చీలో కూర్చుండిపోయింది. మంచి మర్యాద అనుకుని చేసిన పని ఒక మనిషిని రాత్రంతా అలా బాధపెట్టి ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. సిగ్గేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దేవుడి సాక్షిగా అది కాదు వార్సమే గారూ" అంది. "అది కానే కాదు. నాకు నోరు లేదు, అంతే."

"ఇప్పుడొచ్చిందిగా" అన్నాడతను. గొంతులో నవ్వుంది. "ఐదింటికి వస్తాను."

ఐదుకు ఐదు నిమిషాలుండగానే వచ్చాడు, పాలబండిలో కాదు, తన కారులో. వెర్నా మోటారు వేసింది. అతను దూలం కింద పీపా ఎక్కి నిలబడి, తెల్ల ముక్కను పాత సాకెట్టులో గుచ్చి, దాని మీద కొత్త ఫోను కూర్చోబెట్టాడు. ఫోను కాస్త ఎత్తుగా, దండెం మీది కాకిలా నిలబడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత చెక్కపెట్టె గొంతు సవరించుకుని, ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి ఏదో పెళ్ళిలోంచి లియోనార్డ్ కన్సర్టీనా మొదలైంది.

ట్రూడీ చెవులు ముందుకొచ్చాయి. అంతే, పాలు రాలేదు. తల తిప్పి కొత్త మనిషిని చూసింది. మొదటి పాట అయిపోయింది.

"రావట్లేదు" అంది వెర్నా.

"తొందరపడకండి. ఒంటె కూడా అంతే, అలిగాక ముందు మన మొహాలు చూస్తుంది" అని వార్సమే తలుపు దాకా వెనక్కి తగ్గి, దానికి కనబడకుండా నిలబడ్డాడు.

వెర్నా గోరువెచ్చని గుడ్డతో మళ్ళీ పొదుగు తుడిచి, లియోనార్డ్ ఆనించినట్టే తన నుదురు ట్రూడీ డొక్కకు ఆనించింది. రెండో పాట సగానికొచ్చింది. ట్రూడీ ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది, మనుషులు విడిచినట్టే. మిషను గిన్నెలోకి పాలు దబదబా దూకాయి. పక్కనున్న పెర్ల్ చేపింది. దాని పక్కది చేపింది. నెత్తి మీది స్టీలు గొట్టంలో పాలు పరిగెత్తే చప్పుడు వరసంతా సాగిపోయింది.

వెర్నా లేచి నిలబడి, వెనక్కి తిరిగి వార్సమేను చూసింది. జీవితంలో ఆమె థాంక్స్ అనే మాట లక్షసార్లు అని ఉంటుంది, ఉప్పు అందించినవాడికీ తలుపు పట్టుకున్నవాడికీ. ఇప్పుడు ఆ మాట చాలదనిపించింది. "మీరు నా ఇల్లు నిలబెట్టారు" అంది. అతను నేల చూస్తూ చేత్తో వద్దన్నట్టు ఊపాడు. పిన్ను మార్చిన కంపెనీ వాడి మీద కూడా ఆమెకు ఆ క్షణాన సగం కోపం తగ్గింది. సగమే.

ఇంట్లోకి వెళ్ళేసరికి లియోనార్డ్ కిటికీ దగ్గర వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కిటికీ తెరిచి ఉంది.

"మూడో పాటలో తప్పు వాయించాను, విన్నావా?" అన్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్నా."

"ఆల్విన్‌కి ఫోన్ చేశాను. రేపు కాఫీకి రమ్మన్నాను. ఆవులకి కాదు, ఉత్త కాఫీకే." అతను అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

తర్వాత మూడు వారాల్లో వెర్నా రెండుసార్లు వార్సమేకు ఫోను చేసింది, రెండుసార్లూ స్విచ్ఛాఫ్ వచ్చింది. ఒకరోజు అతను పాలు తోడుతుంటే బండిలోకి తొంగి చూసింది. ఎదర ఫోన్ స్టాండు బోడిగా ఉంది, ఫోను ఛార్జి లేక సీటు మీద చచ్చి పడుంది. ఇంకోటుందని అతను చెప్పిన అడాప్టరు ఎక్కడా లేదు. ఆమె ఆ సంగతి మనసులో పెట్టుకుంది. తను ఆర్డరిచ్చింది వచ్చిన రోజున మాత్రం గుమ్మడికాయ బార్లు, అంటే పలకల్లా కోసిన కేకు ముక్కలు, ఒక పెద్ద పళ్ళెం నిండా చేసి, పైన తెల్లటి వెన్నపూత పూసి, బండి కోసం వాకిట్లోకే వెళ్ళి నిలబడింది.

"ఇదిగోండి మీది" అని తెల్ల ముక్క అతని చేతిలో పెట్టింది. "ఇంకోటుందని అబద్ధం ఎందుకు చెప్పారు?"

"చెప్పకపోతే తీసుకునేవారా?" అన్నాడతను.

"చెప్పినా తీసుకోలేదుగా." ఇద్దరూ నవ్వారు. వెర్నా పళ్ళెం ముందుకు చాపింది. "బార్లు తీసుకోండి."

"అయ్యో, వద్దమ్మా. ఇప్పుడే తిన్నాను."

"ఇంటికి తీసుకెళ్ళండి, పిల్లలు తింటారు."

"అబ్బే, మీకెందుకమ్మా శ్రమ."

వెర్నా ఆగింది. ఈ మనిషి వద్దంటే వద్దనేనని ఆమెకు ఎంత కష్టపడితే తెలిసొచ్చింది? మళ్ళీ బలవంతపెడితే మనిషి మాటకు విలువేముంది? మనసు ఉసూరుమన్నా, పళ్ళెం మీద గుడ్డ కప్పేసి ఇంటివైపు తిరిగింది. నాలుగడుగులు వేసింది. వెనక బండి తలుపు చప్పుడు కాలేదు.

తిరిగి చూస్తే వార్సమే అక్కడే నిలబడి ఉన్నాడు, చెయ్యి సగం చాపి.

"అమ్మా, మూడోసారి అడగలేదు మీరు" అన్నాడు. "డెయిరీలో మిగతా డ్రైవర్లను కూడా అడిగి కనుక్కున్నాను. రెండుసార్లు సరిగ్గానే అన్నానుగా?"

"మీరు వద్దంటే వద్దని కదా, నేనడగడం మానేశాను" అంది వెర్నా.

ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కొట్టంలోంచి కన్సర్టీనా వినబడుతోంది.

"కావాలమ్మా" అన్నాడు వార్సమే. "అన్నీ కావాలి. ఇంట్లో ఆరుగురం ఉన్నాం."

వెర్నా పళ్ళెం మొత్తం తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.